చెన్నైలో ఒరిగామి తోడు దొరకాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పెరంబూరు. పన్నెండేళ్ళుగా కాగితం మడుస్తున్నాను. మొదటి నాలుగైదేళ్ళు ఒక్కదాన్నే. తర్వాత ఒకరు కలిశారు, ఆయన వల్ల ఇంకొకరు. ఇప్పుడు నెలకోసారి కలిసేవాళ్ళం తొమ్మిది మందిమి, అందులో తెలుగువాళ్ళం నలుగురం. ఈ సంగతి తెలిసినవాళ్ళంతా ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటారు, ముఖ్యంగా ఉద్యోగానికో చదువుకో కొత్తగా చెన్నై వచ్చినవాళ్ళు. వాళ్ళకి చెప్పే జవాబులే ఇక్కడ రాశాను.

చెన్నైలో ఒరిగామి చేసేవాళ్ళు అసలున్నారా? నాకు ఒక్కరూ కనిపించలేదు.

ఉన్నారు. క్రికెట్ ఆడేవాళ్ళు మైదానంలో కనిపిస్తారు, సంగీతం నేర్చుకునే పిల్ల గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. కాగితం మడిచేవాళ్ళు మాత్రం చప్పుడు చేయరు. రాత్రి భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుని మడుచుకుంటారు, తెల్లారి ఆఫీసుకి వెళ్ళిపోతారు. పక్క ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళకి కూడా తెలియదు. నేనూ అలాగే ఉండేదాన్ని.

అందుకే నేను మొదట చెప్పే మాట ఒకటే: నలుగురిలో మడవండి. లోకల్ ట్రైన్‌లో, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నప్పుడు, ఆఫీసు క్యాంటీన్‌లో. సంచిలో పది చదరాలు ఎప్పుడూ ఉంచుకోండి. పెరంబూరు నుంచి సెంట్రల్ చేరేలోపు నేను తీరిగ్గా కొంగ మడిచేస్తాను. పక్కన కూర్చున్నవాళ్ళు చూస్తారు. చాలామంది ఊరికే చూసి దిగిపోతారు. ఎప్పుడో ఒకరు "ఆ తోక ఇంకొంచెం సన్నగా తీయొచ్చు కదండీ" అంటారు. ఆ మాట అన్నారంటే వాళ్ళకి మడత వచ్చన్నమాట.

ఎక్కడ వెతకాలి?

నా మటుకు మొదటి చోటు కాగితాలమ్మే కొట్టు. చెన్నైలో కాగితమంటే ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ స్ట్రీట్. శుభలేఖలు, డైరీలు, అట్టలు, రీముల కొద్దీ కాగితం, అన్నీ ఆ ఇరుకు వీధిలోనే. ఏడేళ్ళ కిందట అక్కడ ఒక కొట్లో రంగు కాగితాలు తీసుకుని, పదిహేను సెంటీమీటర్ల చదరాలుగా కోయించమని అడిగాను. కొట్టాయనది నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగు శుభ్రంగా మాట్లాడతారు. కట్ట మొత్తాన్ని కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు సరిచూస్తూ, "ఏమ్మా, ఇన్ని చదరాలు దేనికి?" అన్నారు. మడతలు పెట్టడానికని చెప్పాను. "పల్లావరం నుంచి ఒక సారు వచ్చి ఇలాగే కోయించుకుపోతారు. ఆయనదీ పదిహేనే!" అన్నారు.

నేను నా ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, ఆ చీటీనే చిన్న కవరులా మడిచి ఆయనకిచ్చి, ఆ సారు వస్తే ఇవ్వండన్నాను. రెండు నెలలకి ఫోన్ వచ్చింది. ఆయన డ్రాయింగ్ మాష్టారు, మాతృభాష తమిళం. నా మొదటి ఒరిగామి స్నేహం అది. ఆ చీటీని ఆయన వెంటనే విప్పకుండా, మడిచిన తీరు చూసి నవ్వుకుని, తర్వాత మడతలు చెడకుండా విప్పి నంబరు చూసుకుని, మళ్ళీ అలాగే మడిచి పర్సులో పెట్టుకున్నారట. ఇప్పటికీ ఉంది ఆయన దగ్గర.

కాబట్టి కొట్టువాళ్ళని అడగండి. చదరంగా కోయించుకునేవాళ్ళని వాళ్ళు మరిచిపోరు.

రెండో చోటు జపనీస్ భాష నేర్పే తరగతులు. చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై అనే సంస్థ చాలా కాలంగా జపనీస్ నేర్పుతోంది. ఇలాంటి చోట్ల భాషతోపాటు అక్కడి కళల మీద మక్కువ ఉన్నవాళ్ళూ చేరుతుంటారు. జపాన్ కాన్సులేట్ కూడా ఈ నగరంలోనే ఉంది కనుక సాంస్కృతిక కార్యక్రమాల ప్రకటనల మీద ఒక కన్నేసి ఉంచండి. ఇక మూడోది, ఎవరికీ తట్టనిది, బళ్ళలో లెక్కలు చెప్పే టీచర్లు. మా తొమ్మిది మందిలో ఇద్దరు వాళ్ళే.

నాకు తమిళం అంతంతమాత్రం. తెలుగువాళ్ళు దొరికితేనే వెళ్ళనా?

అలా ఆగిపోకండి. భాష రాకపోయినా నడిచే స్నేహం ఏదైనా ఉందంటే అది ఇదే. జపాన్ ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా 1954లో తన పుస్తకంలో గీతలు, బాణాలతో ఒక గుర్తుల పద్ధతి వాడారు. తర్వాత శామ్యూల్ రాండ్లెట్, రాబర్ట్ హార్బిన్ అనే ఒరిగామి రచయితలు దాన్ని ఇంగ్లీషు చదువరుల్లోకి తెచ్చారు. ఈ రోజు ఏ దేశంలో అచ్చయిన పటం తీసుకున్నా చిన్న చిన్న అడ్డగీతల వరస ఉంటే లోయ మడత, అంటే మన వైపుకి మడవాలి; గీతా చుక్కా కలిసి వస్తే కొండ మడత, అంటే వెనక్కి మడవాలి. జపనీస్ పుస్తకం తీసుకుని, ఒక్క అక్షరం రాకుండానే మనం మిడత మడవగలుగుతున్నది అందుకే.

డ్రాయింగ్ మాష్టారూ నేనూ మొదటి ఆరు నెలలు "ఇంద పక్కం", "ఇటు వైపు" అనుకుంటూనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఆయనకి "గోరుతో గట్టిగా ఒత్తండి" అన్న తెలుగు వాక్యం స్పష్టంగా వచ్చు. నాకు తమిళంలో మడతల మాటలన్నీ వచ్చేశాయి.

తెలుగువాళ్ళ తోడు కావాలనుకోవడం తప్పు కాదు. చిన్నప్పటి కత్తిపడవ, రాజుగారి టోపీ, సిరాబుడ్డి, కిరాణా కొట్లో శెట్టిగారు దారం లేకుండా కట్టే పొట్లం, ఇవి చెప్పుకోవడానికి మన భాషవాళ్ళుంటే ఆ ముచ్చటే వేరు. ఆ పొట్లం మడతని మేమొక ఆదివారం అందరం కూర్చుని తిరిగి నేర్చుకున్నాం. చివరి కొసని లోపలికి దోపే తీరు ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కలా ఉందని ఆ రోజే తెలిసింది.

మొదటిసారి ఎక్కడ కలవాలి?

బయట, నలుగురు తిరిగే చోట. ముక్కూమొహం తెలియనివాళ్ళని నేరుగా ఇంటికి పిలవకండి, మీరూ వెళ్ళకండి. మేము చాలాకాలం మైలాపూర్ లజ్ దగ్గరున్న నాగేశ్వరరావు పార్కులో కలిశాం. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట ఉన్న పార్కు అది. అక్కడ కూర్చుని తెలుగు మాట్లాడుకుంటుంటే నాకెందుకో సొంత పెరట్లో ఉన్నట్టుంటుంది. పొద్దున్నే వెళ్ళాలి, తొమ్మిది దాటితే ఎండ ఆగనివ్వదు.

ఇంట్లో కలిసే దశకి వచ్చాక అసలు ఇబ్బంది ఫ్యాను. చెన్నైలో ఫ్యాను లేకుండా కూర్చోలేం, ఫ్యాను కింద కాగితం ఆగదు. ఒక్కొక్కరికి రెండేసి బైండర్ క్లిప్పులు, ఒక అట్ట ఇవ్వండి. మడవని కాగితాలు అట్టకి క్లిప్పుతో పట్టి ఉంచుకుంటారు.

నాకు పడవ, కొంగ తప్ప ఏమీ రావు. వెళ్తే చిన్నచూపు చూస్తారేమో?

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. నేనూ అడిగాను. నాకు తెలిసినంతలో ఒరిగామి చేసేవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పడానికి ఉబలాటపడతారు. ఎందుకంటే పుస్తకం ఎంత బాగున్నా కొన్ని అడుగులు చేయి చూస్తేనే వస్తాయి.

కొంగలో పూరేకు మడత అంటామే, అదే తీసుకోండి. పై పొర కొసని పట్టుకుని పైకి లేపుతుంటే రెండు పక్కలా అంచులు లోపలికి నడిచొచ్చి మధ్యలో కలవాలి. పటంలో ఒక్క బాణం వేసి ఊరుకుంటారు. మా గుంపులోకి వచ్చిన ఒక రిటైర్డ్ రైల్వే గార్డుగారు ఆ బాణం దగ్గరే మూడేళ్ళు ఆగిపోయారు. కొస లేపగానే కాగితం చిరుగుతుందేమోనని భయపడి వదిలేసేవారట. ఆయన పక్కన కూర్చుని, నా వేలు ఆయన కాగితం కింద పెట్టి, "ఇక్కడ కొంచెం బిగుతుగా ఉంటుంది, ఉండనివ్వండి, లాగుతూనే ఉండండి" అన్నాను. పక్కలు రెండూ వాటంతటవే వచ్చి పడ్డాయి. ఆయన దాన్ని విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి, ఆ పూటంతా ఆ ఒక్క మడతే చేశారు.

నేర్పేటప్పుడు ఎదురుగా కూర్చోకండి. కుడి ఎడమలు తారుమారై ఇద్దరూ తికమకపడతారు. పక్కనే, ఒకే వైపుకి తిరిగి కూర్చోవాలి. చూపించే కాగితం కనీసం ముప్పై సెంటీమీటర్లు ఉండి, వెనకొక రంగు ముందొక రంగు ఉంటే ఏ పొర ఎటు పోయిందో కనబడుతుంది.

బొమ్మల కొలువులో ఒరిగామి పెట్టొచ్చా? ఎవరైనా తప్పు పడతారా?

నన్నడిగితే తప్పకుండా పెట్టండి. చెన్నైలో దసరా తొమ్మిది రోజులూ ఇంటింటికీ పేరంటాలే. మనుషుల్ని వెతుక్కుంటూ మనం వెళ్ళక్కర్లేదు, వాళ్ళే వస్తారు.

నాలుగేళ్ళ కిందట అమ్మవారు, మరపాచి కొయ్య బొమ్మలు, చెట్టియారు బొమ్మలు పై మెట్ల మీద ఉంచి, అట్టడుగు మెట్టంతా కాగితం ఏనుగుల బారు పెట్టాను. ముందు పెద్దది, వెనక్కి పోతున్నకొద్దీ చిన్నవి, చివరిది గోరంత. బొట్టు పెట్టించుకుని శనగలు తీసుకున్నవాళ్ళందరూ వంగి అదే చూశారు. "అతికించారా?" "కత్తిరించారా?" లేదండీ, ఒక్కొక్కటి ఒక్కొక్క చదరం, అంతే. కింది ఫ్లాట్ మామిగారు మాత్రం ఏమీ అడగలేదు. పళ్ళెం కింద పెట్టి, నా దగ్గరున్న కాగితం తీసుకుని, నిమిషంలో మూత తెరుచుకునే కెమెరా మడిచి ఏనుగుల పక్కన నిలబెట్టారు. అరవయ్యేళ్ళ కిందట వాళ్ళన్నయ్య నేర్పారట. ఇప్పుడు మా గుంపులో అందరికంటే నున్నటి మడత ఆవిడదే.

ఆ ఏడు నుంచి తాంబూలంతోపాటు ఒక మడిచిన పెట్టె ఇస్తున్నాను, లోపల కుంకుమ పొట్లం పెట్టి. ఇంటికి వెళ్ళి దాన్ని విప్పి చూసి, తిరిగి మడవలేక ఫోన్ చేసినవాళ్ళున్నారు. వాళ్ళని వచ్చే ఆదివారం రమ్మంటాను.

అందరం కలిసి చేయడానికి ఏది బాగుంటుంది?

విడి ముక్కలు దోపి కట్టేవి. సోనోబే ముక్కతో మొదలుపెట్టండి. ఒక్కసారి వస్తే ఇక మరిచిపోరు. ఆరు ముక్కలు కలిపితే ఘనం, పన్నెండైతే ఎనిమిది ముఖాల మీద చిన్న గోపురాలు లేచిన నక్షత్రం, ముప్పై కలిపితే చెండులాంటి బంతి. ఐదుగురు ఉంటే తలా ఆరు మడిచేసరికి ముప్పై అయిపోతాయి. కూర్చేటప్పుడు చివరి మూడు ముక్కల దగ్గర ఇటు దోపితే అటు ఊడుతుంది. అప్పుడే నాలుగు చేతులు కావాలి. ఒంటరిగా చేసినప్పుడు నేను బట్టల క్లిప్పులు పెట్టుకునేదాన్ని. ఇలాంటివాటిలో మనవాళ్ళ పేరు కూడా ఉంది: భారతదేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మీనాక్షీ ముఖర్జీ పుస్తకాలు ప్రపంచమంతా చదువుతారు.

పాత శుభలేఖలు వాడటం మా అందరికీ ఇష్టం. విజిటింగ్ కార్డు కొలతకు కోసి, రెండు చివర్లూ మడిచి, ఆరింటిని ఒకదానికొకటి తొడిగితే గట్టి ఘనం వస్తుంది. దేవుడి బొమ్మ, పసుపు అంటిన మూలలు మేము కోయం, పక్కన పెట్టేస్తాం.

వెయ్యి కొంగలు మొదలుపెడదామా అని చాలామంది అడుగుతారు. కొంగకి మూడు నిమిషాలు వేసుకున్నా వెయ్యింటికి యాభై గంటలు. పదిమంది ఉంటే తలా ఐదు గంటలు, ఒక నెలలో తేలికే. కానీ ఎందుకు మడుస్తున్నామో పిల్లలకి చెప్పి మొదలుపెట్టండి. హిరోషిమా మీద బాంబు పడినప్పుడు సదాకో ససాకికి రెండేళ్ళు. ఆ రేడియేషన్ వల్ల వచ్చిన లుకేమియాతో ఆసుపత్రిలో ఉండి, వెయ్యి మడిస్తే కోరిక తీరుతుందన్న జపాన్ నమ్మకంతో కొంగలు మడిచింది, 1955 అక్టోబరు 25న పన్నెండేళ్ళకే పోయింది. 1958లో తోటి పిల్లల పూనికతో హిరోషిమాలో కట్టిన స్మారకం దగ్గరికి ఇప్పటికీ దేశదేశాల నుంచి కొంగలు వస్తుంటాయి. మేము బాంబు పడిన ఆగస్టు 6కి ముందు వారం ఒక రోజు ప్రత్యేకంగా కూర్చుని మడుస్తాం. ఆ రోజు కబుర్లు తక్కువే ఉంటాయి.

లెక్కల టీచర్లు ఎందుకొస్తారు?

మీరు చెన్నైలో ఉన్నారు కనుక ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. 1893లో ఇదే మద్రాసులో, అడిసన్ కంపెనీ అచ్చులో, తండలం సుందరరావు కాగితం మడతలతో రేఖాగణితం చెప్పే ఇంగ్లీషు పుస్తకం వేశారు. కిండర్‌గార్టెన్ పిల్లల కాగితం మడతల ఆట నుంచి పుట్టిన ఆలోచన. దాన్ని జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ మెచ్చి తన రచనలో ప్రస్తావించారు. 1901లో షికాగోలో అమెరికా ముద్రణ వచ్చింది. ఒరిగామి అన్న మాట ఇక్కడెవరికీ తెలియని రోజుల్లో మన ఊళ్ళో జరిగిన పని ఇది. నాకు దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

టీచర్లు వచ్చినప్పుడు ఈ ఒక్కటి చేసి చూపించండి. చదరాన్ని నిలువునా సగానికి మడిచి విప్పండి. కింది ఎడమ మూల కదలకుండా వేలితో నొక్కి, కింది కుడి మూలను పైకి తెచ్చి నడిమి గీతకి ఆనించండి. ఆనిన చోట చుక్క పెట్టండి. ఆ చుక్కనీ కింది రెండు మూలలనీ కలిపితే సమబాహు త్రిభుజం. కొలబద్ద లేదు, వృత్తలేఖిని లేదు. మా లెక్కల టీచరమ్మ మొదటిసారి ఇది చూసి కాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఎనిమిదో తరగతిలో చెప్పి, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు.

వాట్సాప్ గ్రూపు పెడితే చాలదా?

చాలదు. మొదట అదే చేశాను. నలభై మంది చేరారు, రెండు నెలలకి పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇప్పుడున్న గ్రూపులో తేదీ, చోటు, తెచ్చుకోవాల్సిన కాగితం, ఇవే ఉంటాయి. ముందు ఇద్దరు ముగ్గురు మనుషులుగా కలవండి, గ్రూపు తర్వాత.

పిల్లల్ని పంపొచ్చా?

పంపొచ్చు, మీరూ కూడా వచ్చి కూర్చుంటే. పదేళ్ళ లోపు పిల్లల్ని ఒంటరిగా వదిలి వెళ్ళొద్దని మా నియమం.

బడిలో వర్క్‌షాప్ చేయమని అడుగుతున్నారు. ఒప్పుకోనా?

ఒప్పుకోండి, కానీ మూడు విషయాలు ముందే అడిగి తెలుసుకోండి: ఎంతమంది పిల్లలు, కాగితం ఎవరు తెస్తారు, సాయానికి ఎవరుంటారు. ఒకసారి ఒక బడిలో ఇరవై మంది అని పిలిచి అరవై మందిని కూర్చోబెట్టారు. వాళ్ళు తెచ్చిపెట్టిన కాగితం బహుమతులకి చుట్టే మెరుపు రకం, మడత నిలవదు, జారిపోతుంది. వెనక బెంచీల పిల్లలకి నా చేతులే కనిపించలేదు. ఒక పాప దాదాపు ఏడ్చేసింది. ఆ పాప మొహం నాకిప్పటికీ గుర్తే. అప్పటి నుంచి పన్నెండు మందికి ఒకరి చొప్పున మనుషులుంటేనే వెళ్తున్నాను, కాగితం మేమే పట్టుకెళ్తున్నాం.

డయాగ్రాంలు స్కాన్ చేసి పంచుకోవచ్చా?

వద్దు. ఒక కొత్త నమూనాని తయారుచేయడానికి నెలలు పడుతుంది, దాని పటాలు గీయడానికి ఇంకొన్ని వారాలు. ఆ పుస్తకాల అమ్మకమే చాలామంది రూపకర్తలకి దొరికే ప్రతిఫలం. మేము తలా ఒక పుస్తకం కొని చేతులు మార్చుకుంటాం. కలిసి కూర్చుని ఒకే పుస్తకం చూసి మడవడంలో ఇబ్బందేమీ లేదు. మడిచినదాని ఫోటో పెట్టినప్పుడు రూపకర్త పేరు, మడిచినవాళ్ళ పేరు రెండూ రాయండి. కొనేముందు చూడాలనుకుంటే కోటూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం, ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం రెండూ ఒకసారి వెతికి రండి.

ఏ కాగితం తేవాలి?

నేర్చుకోవడానికి మామూలు ఎ4 కాగితాన్ని చదరంగా కోసుకుంటే చాలు, ఇరవై ఒక్క సెంటీమీటర్ల చదరం వస్తుంది. క్లిష్టమైనవాటికి పల్చటి క్రాఫ్ట్ కాగితం. తడి మడతలు, అంటే కాగితాన్ని కొంచెం తడిపి మడవడం, ప్రయత్నించేవాళ్ళకి పుదుచ్చేరి శ్రీ అరవింద ఆశ్రమం చేతి కాగితం నాకు బాగా నచ్చింది. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి గాలి చెమ్మగా ఉంటుంది, కాగితం మెత్తబడి మడత పదును పోతుంది. జిప్ కవర్లో పెట్టి తెచ్చుకోండి. తడి మడతల పని సంక్రాంతి దాటాక పెట్టుకోవడమే మంచిది.

వేరే ఊళ్ళవాళ్ళతో, దేశాలవాళ్ళతో ఎలా కలవాలి?

ముంబైలో ఒరిగామి మిత్ర అనే బృందం ఉంది. న్యూయార్క్‌లో ఒరిగామి యూఎస్ఏ, ఇంగ్లండ్‌లో 1967 నుంచి నడుస్తున్న బ్రిటిష్ ఒరిగామి సొసైటీ వేరే దేశాలవాళ్ళనీ సభ్యులుగా చేర్చుకుంటాయి. ఏటా అక్టోబరు 24 నుంచి నవంబరు 11 దాకా ప్రపంచ ఒరిగామి దినాలు. మొదటిది, అమెరికాలో ఈ కళని ఇంటింటికీ చేర్చిన లిలియన్ ఓపెన్‌హైమర్ పుట్టినరోజు. చివరిది జపాన్‌లో ఒరిగామి దినం: 11-11లోని నాలుగు ఒకట్లు చదరానికి నాలుగు అంచులట. మనకి దీపావళి, వానలు రెండూ ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తాయి కనుక పార్కు నమ్ముకోకుండా ఎవరింట్లోనైనా కలవండి.

డబ్బు కట్టాలా?

మా దగ్గర లేదు. కాఫీ ఎవరింట్లో కలిస్తే వాళ్ళది.

పిలిచాను, ఎవరూ రాలేదు. ఏం చేయను?

మా మొదటి కలయికకి ఆరుగురు వస్తామన్నారు. వాన పడింది, మాష్టారూ నేనూ మాత్రమే మిగిలాం. పార్కు మండపం కింద నిలబడి, మా దగ్గరున్న నాలుగు కాగితాలూ మడిచి, వచ్చే నెల రెండో ఆదివారం అనుకుని వెళ్ళిపోయాం. రెండోసారి ముగ్గురం. తేదీ మాత్రం మార్చలేదు, ఎంతమంది వచ్చినా రెండో ఆదివారమే. మీరూ ఒక రోజు, ఒక చోటు పెట్టుకోండి. ఒక్కరే అయినా వెళ్ళి గంటసేపు మడవండి, చూసేవాళ్ళకి కనబడేలా పెద్ద కాగితం తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు మడిచినదాన్ని బెంచీ మీద వదిలి, లోపల మళ్ళీ ఎప్పుడొస్తారో తేదీ రాయండి.